జాగ్రత్త: వెన్ను ఆపరేషన్ అయినవారికి 'ప్రత్యేక ప్యాకేజీ' అంటే వెంటనే డబ్బు కట్టకండి

కర్నూలులో వెన్ను ఆపరేషన్ చేయించుకుని, ఒంట్లో మళ్లీ బలం తెచ్చుకోవాలని జిమ్ వెతుకుతున్నవారి కోసం రాస్తున్నాను. నాకు 12,000 రూపాయలు, మూడు వారాల జీతం పోయాయి. అవి పోతే పోయాయి, అప్పటిదాకా కోలుకున్నదంతా నాలుగు రోజుల్లో వెనక్కి వెళ్లింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి జిమ్ పేరు రాయడం లేదు.

నేను మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ దుకాణంలో గుమాస్తాను. ఇరవై ఏళ్లుగా పద్దుల మీద వంగి కూర్చున్న ఫలితమో మరొకటో గానీ, నడుములో నాలుగో పూసకూ అయిదో పూసకూ మధ్య డిస్క్ జారి కుడికాలి నరాన్ని నొక్కింది. జారే డిస్కుల్లో ఎక్కువ భాగం నడుము చివరి రెండేనట, కాబట్టి నాదేమీ వింత జబ్బు కాదు. చిన్న కోత పెట్టి, నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేశారు. ఆరు వారాలు వంగవద్దు, నడుము మెలితిప్పవద్దు, బరువులెత్తవద్దు, రోజూ నడవాలి అన్నారు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర మెల్లగా బలం పెంచుకోమన్నారు. నేను 'ఫిజియోథెరపిస్టు' అన్న మాట వదిలేసి 'బలం' ఒక్కటే చెవికెక్కించుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను.

పదో వారంలో ఒక ఫ్లెక్సీ కనిపించింది: 'వెన్నునొప్పి, సర్జరీ అయినవారికి ప్రత్యేక శిక్షణ, ఆరు నెలల ప్యాకేజీ'. లోపలికి వెళ్లి కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి నా డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాను. అతను దాన్ని అట్టలాగా కింద పెట్టుకుని, దానిమీద రసీదు రాశాడు. బాల్‌పెన్ను ఒత్తి రాయడంతో 12,000 అంకె డిశ్చార్జి కాగితం మీద దిగబడింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, డిస్క్ జారిన చోటును చెప్పే 'ఎల్4-ఎల్5' అన్న అక్షరాల పక్కన ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ కాగితం అక్కడ పనికొచ్చింది అంతవరకే. నేను చేరిన మొదటి రోజు నుంచి మానేసిన రోజు వరకు దాన్ని ఎవరూ చదవలేదు.

నాకు ఇచ్చిన సమయం ఉదయం అయిదున్నర. మంచం దిగిన పావుగంటలో జిమ్‌లో ఉండేవాడిని. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయని, అందుకే లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటిపై ఒత్తిడి ఎక్కువగా పడుతుందని తర్వాత తెలిసింది. అక్కడ మొదటి రోజు లెగ్ ప్రెస్ మీద, అంటే కూర్చుని కాళ్లతో బరువును నెట్టే యంత్రం మీద, 60 కిలోలు పెట్టారు. మోకాళ్లు ఛాతీ దాకా వచ్చినప్పుడు నడుము కింది భాగం సీటు నుంచి లేచి గుండ్రంగా వంగుతుంది. వద్దన్నది సరిగ్గా అదే. రెండో రోజు సిట్-అప్‌లు. కాలు లాగుతోందని చెబితే, "నొప్పి వస్తోందంటే పని చేస్తోందన్నమాట సార్" అన్నాడు శిక్షకుడు.

నాలుగో రోజు నేల మీద నుంచి 30 కిలోల బార్ ఎత్తమన్నాడు. మూడోసారి ఎత్తుతుండగా పిరుదు నుంచి కాలి బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్లయింది. బార్ వదిలేసి అక్కడే కూలబడ్డాను. మా యార్డులో చదువు రాని హమాలీ కూడా బస్తాను కడుపుకు ఆనించుకున్నాకే లేస్తాడు. ఈయన నాకు బార్‌ను కాళ్లకు జానెడు దూరంలో పట్టుకోమని నేర్పాడు.

మళ్లీ ఎమ్మారై తీశారు. అదృష్టం కొద్దీ డిస్క్ కొత్తగా జారలేదు, నరం వాచింది. కాలు నొప్పి ఒక్కటే కాబట్టి సరిపోయిందని, అదే మూత్రం బిగుసుకున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాల్టీకి రావాలని డాక్టర్ గట్టిగా చెప్పారు.

ఇప్పుడు వెళుతున్న ఫిజియోథెరపిస్టు మొదటి రోజు నాతో ఏ వ్యాయామమూ చేయించలేదు. డిశ్చార్జి సమ్మరీ చదివి, కాలివేళ్ల బలం చూసి, కుర్చీలోంచి ఎలా లేస్తున్నానో చూశారు, అంతే. రెండు వారాలు నడక, పొట్ట బిగించి పట్టడం, వెల్లకిలా పడుకుని పిరుదులు ఎత్తడం, చేతులూ మోకాళ్ల మీద నిలబడి ఎదురుబొదురు చేయీ కాలూ చాచడం. తర్వాత వీపు మీద చీపురుకర్ర. తల వెనుక, వీపు మధ్య, నడుము చివర, మూడుచోట్లా కర్ర తాకుతూ ఉండగా తుంటి దగ్గర మాత్రమే వంగాలి. కర్ర ఎక్కడ వదిలినా మళ్లీ మొదటికే. అది కుదిరాక రెండు కిలోల సోనా బియ్యం సంచి చేతికిచ్చారు. మర్నాడు నొప్పి పెరగకపోతేనే బరువు పెంచడం. నొప్పి కాలు వదిలి నడుములోకి సర్దుకుంటే మంచి గుర్తు, కిందికి దిగితే ఆపేయాలి. నేనిప్పుడు అయిదు కిలోల దగ్గర ఉన్నాను. చిన్నతనంగానే ఉంటుంది గానీ, రాత్రి నిద్ర పడుతోంది.

మీరు చేరబోయే చోట వ్యాయామం చేయించేది ఎవరో అడగండి. ఫిజియోథెరపీ డిగ్రీ నాలుగేళ్లకు పైబడిన చదువు, జిమ్ శిక్షకుడి సర్టిఫికెట్ దానికి సాటి రాదు. కాగితం ఇచ్చి, చదువుతారా లేదా చూడండి. ఆరు నెలలకు ఒకేసారి కట్టకండి. రసీదు తిప్పి చూడండి. నా రసీదు వెనుక 'చెల్లించిన సొమ్ము ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు' అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అలా అచ్చేసుకున్నంత మాత్రాన చెల్లదు. సేవలో లోపం ఉంటే బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు.

నేను 1915కు చేశాను. డబ్బుకు బదులు సభ్యత్వాన్ని మరో మూడు నెలలు ఉచితంగా పొడిగిస్తామని జిమ్ వారు జవాబిచ్చారు. ఇక కమిషన్‌కే వెళుతున్నాను. డిశ్చార్జి సమ్మరీ అసలు ప్రతినే జత చేస్తున్నాను. జిరాక్సులో ఆ 12,000 పడలేదు.