నొప్పికి గంజాయి: పొట్లమా, సీసానా?

హన్మకొండలో మా పెద్దనాయనకు క్యాన్సర్ నొప్పి ముదిరినప్పుడు, ఒక చుట్టం పేపర్ పొట్లం చేతిలో పెట్టి "పాలల్ల మరిగిచ్చి తాపుర్రి, నిద్ర పడ్తది" అన్నాడు. విప్పితే ఎండిన గంజాయి, మధ్యలో పుల్లలు, గింజలు. ఎంత వేయాలంటే "చిటికెడు" అన్నాడు. ఎవరి చిటికెడు?

పొట్లానికీ, కొలిచి తయారుచేసిన మందు సీసాకూ తేడా అక్కడే ఉంది. 2018లో అమెరికా అనుమతించిన ఎపిడియోలెక్స్ అనే మూర్ఛ మందును గంజాయి మొక్క నుంచే తీస్తారు. ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల కన్నబిడయోల్ అనే పదార్థం. మత్తెక్కించేది అది కాదు, గంజాయిలోనే ఉండే టీహెచ్‌సీ అనే మరో పదార్థం. రోగి బరువును బట్టి డోసు, మధ్యమధ్యలో లివర్ పరీక్షలు. పొట్లంలో టీహెచ్‌సీ ఎంతుందో అమ్మినవాడికీ తెలియదు.

అయితే సీసా బాగా ఖరీదు. మొక్క పెరట్లో కూడా పెరుగుతుంది. పొట్లం వైపు వాదించేవాళ్లకు ఉన్న గట్టి మాట ఇదే, తీసిపారేసేది కాదు. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు పడొచ్చు. వైద్య అవసరాలకు మాత్రం అదే చట్టం తలుపు పూర్తిగా మూయలేదు.

నేనైతే సీసా వైపే. బలమైన నొప్పి మందు మార్ఫిన్ కూడా నల్లమందు నుంచి వచ్చిందే కదా. 2014లో అదే చట్టం సవరించి, మార్ఫిన్ రోగులకు అందడం కొంత సులువు చేశారు. పెద్దనాయనను చివరి రోజుల్లో పడుకోనిచ్చింది ఆ మాత్రే. పొట్లం ఏమైందంటారా? పెద్దమ్మ పొయ్యిలో పడేసింది. సాయంత్రం దాకా ఇల్లంతా ఒకటే వాసన.