పన్నులు పెంచమనే కోటీశ్వరుడు తన పన్ను తగ్గించుకోవచ్చా? ఏది మేలు?

పన్నుల గురించి ఎప్పుడు రాసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫలానా కోటీశ్వరుడు "మా మీద పన్ను పెంచండి" అన్నాడని రాస్తే చాలు, "అంత ముచ్చటగా ఉంటే ముందు ఆయన్నే కట్టమనండి, చెయ్యి ఎవరు పట్టుకున్నారు?" అంటారు ఒకరు. "పైకి పెంచమంటాడు, లోపల ఆడిటర్‌ని కూర్చోబెట్టి తగ్గించుకుంటాడు, గురివింద గింజ సామెతే" అంటారు ఇంకొకరు. రెండూ ఒకటే మాటలా వినిపిస్తాయి గానీ కాదు. మొదటిది ఎక్కువ కట్టమంటోంది. రెండోది తక్కువ కట్టొద్దంటోంది. ఈ రెండింటి మధ్య చాలా చోటుంది, నా మొగ్గు కూడా అక్కడే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత పక్షపాతం అనకండి.

అలాంటి మనిషి ముందున్న దారులు నాలుగు. చట్టం ఒప్పుకునే ప్రతి ఎత్తూ వేసి పన్ను తగ్గించుకోవచ్చు. ఎత్తులేమీ లేకుండా వచ్చిన లెక్క కట్టేయొచ్చు. అడిగిన దానికంటే ఎక్కువ కట్టొచ్చు. ఖజానాకు బదులు ఏదైనా సేవా సంస్థకు ఇచ్చేయొచ్చు. దొంగ లెక్కలు రాసి ఎగ్గొట్టడమన్నది ఐదోది, కానీ దాని మీద చర్చ దేనికి? పన్నులు పెంచమన్నవాడు చేసినా తగ్గించమన్నవాడు చేసినా అది నేరమే.

మొదటి రెండు దారుల మధ్య గీత ఎక్కడ పడుతుందో తేలితే సగం గొడవ తీరుతుంది. దానికి నాకు రెండు వస్తువులు గుర్తొస్తాయి. ఒకటి సైకిల్, రెండోది పడవ.

సైకిల్ అమెరికా కోటీశ్వరుడు వారెన్ బఫెట్‌ది. ధనవంతుల మీద పన్ను పెంచమన్నవాళ్లలో ఆయనొకడు. ఆయన మొదటి ఆదాయపు పన్ను రిటర్న్ వేసింది 1944లో, పదమూడేళ్ల వయసులో. ఇంటింటికీ పేపర్లు వేసి సంపాదించిన డబ్బుకి లెక్క రాసి, అందులోంచి సైకిల్ ఖర్చు, చేతి గడియారం ఖర్చు తీసేసి, చివరికి ఏడు డాలర్లు కట్టాడు. ఆ సైకిల్‌ని చూపించి ఈ కుర్రాడు పన్ను తప్పించుకున్నాడని ఎవరైనా అంటారా? పేపర్లు వేయాలంటే సైకిల్ కావాలి. పన్ను అన్న మాటే లేకపోయినా కొనేవాడే. సంపాదనలోంచి దానికైన ఖర్చు పోతేనే ఆదాయం ఎంతో తెలుస్తుంది. అలాంటి డిడక్షన్ లెక్కలో భాగమే, ఎత్తు కాదు.

పడవ జాన్ కెర్రీది. 2004లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్లకు ఇచ్చిన పన్ను తగ్గింపులు వెనక్కి తీసుకుంటానన్నాడు. 2010లో, మసాచుసెట్స్ సెనేటర్‌గా ఉండగా, దాదాపు 70 లక్షల డాలర్ల కొత్త పడవ ఒకటి వార్తల్లోకి వచ్చింది. పేరు ఇజబెల్. సొంత రాష్ట్రంలో పెట్టుకుంటే సుమారు ఐదు లక్షల డాలర్ల పన్ను పడుతుంది. అది మాత్రం పక్క రాష్ట్రం రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ రేవులో ఉంది. రోడ్ ఐలండ్ పడవల మీద అమ్మకం పన్ను 1993లోనే ఎత్తేసింది. మెయింటెనెన్స్ కోసం, అద్దెకు తిప్పడం కోసం అక్కడ ఉంచామని ఆయన ఆఫీసు చెప్పింది. కావచ్చు. అయినా గోల ఆగలేదు, చివరికి ఆ పన్ను మసాచుసెట్స్‌కి కడతానన్నాడు.

సైకిల్‌కీ పడవకీ తేడా డబ్బులో లేదు. పన్ను లేకపోయినా ఆ పని అలాగే చేసేవాడా అన్నదే తేడా. నేను వాడే కొలబద్ద ఇదొక్కటే. సైకిల్ విషయంలో అవునని ఠక్కున చెప్పేయొచ్చు. పడవ దగ్గరకొచ్చేసరికి చెప్పే మనిషికే గొంతు తడబడుతుంది.

ఇది నేను కనిపెట్టిన కొలత కాదు. టాక్స్ ప్లానింగ్ వాళ్లు తరచూ చెప్పే కోర్టు మాట ఒకటుంది. వీలైనంత తక్కువ పన్ను పడేలా తన వ్యవహారాలు సర్దుకునే హక్కు ఎవరికైనా ఉందని, పన్ను పెంచుకుని కట్టడం దేశభక్తుడి విధి కూడా కాదని 1934లో అమెరికా జడ్జి లెర్నెడ్ హాండ్ రాశాడు. ఈ మాట చెప్పేవాళ్లు ఆ కేసులో ఎవరు ఓడిపోయారో మాత్రం చెప్పరు. పన్ను తగ్గించుకున్న గ్రెగరీ అనే ఆవిడే ఓడిపోయింది! తన కంపెనీ చేతిలో ఉన్న షేర్లను తక్కువ పన్నుతో బయటికి తెచ్చుకోవడానికి ఆవిడ 1928 సెప్టెంబర్‌లో ఇంకో కంపెనీ పుట్టించింది. అది ఆరు రోజులు బతికింది. ఆ ఆరు రోజుల్లో అది ఏ వ్యాపారమూ చేయలేదు, షేర్లను ఈ చేతినుంచి ఆ చేతికి అందించి మూతపడింది. చట్టంలోని అక్షరం అంతా ఆవిడ పక్షానే ఉంది. అయినా దీని వెనక వ్యాపారమనేదే లేదంటూ హాండ్ దాన్ని తోసిపుచ్చాడు, 1935లో సుప్రీంకోర్టూ అదే అంది. హక్కు ఉందన్న వాక్యం, ఆ హక్కు ఇక్కడ చెల్లదన్న తీర్పు ఒకే కాగితం మీద ఉన్నాయి.

ఇంతవరకూ చెప్పింది ఎవరికైనా వర్తించేదే. మరి పన్నులు పెంచమనే ధనవంతుడికి ప్రత్యేకంగా ఇంకేదైనా ఉందా? ఉందంటాను. చాలామంది దాన్ని కపటం అనే పేరుతో పిలిచి వదిలేస్తారు. కపటం పెద్ద విషయం కాదు. సిగరెట్ కాల్చే డాక్టర్ సిగరెట్ మానమంటే ఆ సలహా తప్పైపోదు.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ధనవంతుల మీద పన్ను పెంచొద్దనే వాళ్ల చేతిలో ఉన్న బలమైన వాదన ఇది: "రేటు ఎంత పెంచినా వాళ్లు పక్కకు జరిగిపోతారు. డబ్బు వేరే చోటికి, వేరే పేరు మీదికి వెళ్లిపోతుంది. ఖజానాకు దక్కేది సున్నా." దీనికి జవాబు చెప్పగలిగిన సాక్షి ధనవంతుడే. "నేను జరగను. రేటు పెంచినా ఇక్కడే ఉంటాను, వ్యాపారం మానను, కట్టగలను" అని అతను చెబితే దానికో విలువ ఉంది. ఆర్థికవేత్త వంద పేజీలు రాసినా ఆ విలువ రాదు. అదే మనిషి పడవని పక్క రాష్ట్రం రేవులో కట్టేస్తే? ఎదుటి పక్షానికి సాక్ష్యం తనే ఇచ్చినట్టయింది. అతని గుణం ఎలాంటిదన్నది నాకు అనవసరం. అతని వాదన మాత్రం అతని చేతిలోనే చచ్చిపోయింది. డాక్టర్ కాల్చిన సిగరెట్‌తో ఊపిరితిత్తుల శాస్త్రం మారదు. ధనవంతుడు జరిగిన ప్రతి అడుగూ మాత్రం 'ధనవంతులు జరుగుతారు' అన్న లెక్కలో కలుస్తుంది.

దీనికి మామూలుగా వచ్చే జవాబు ఆట గురించి. రూల్ మార్చమని అడుగుతున్న ఆటగాడు అది మారేదాకా పాత రూల్‌తోనే ఆడతాడు కదా, ఒక్కడే కొత్త రూల్ పాటిస్తే ఓడిపోతాడు కదా అంటారు. కంపెనీల విషయంలో ఇందులో కొంత నిజముంది. పోటీ కంపెనీ తక్కువ పన్నుతో ధర తగ్గిస్తే, తగ్గించుకోనివాడికి దెబ్బే. సొంత ఆదాయం దగ్గర, సొంత పడవ దగ్గర ఎవరితో పోటీ? ఎవరి చేతిలో ఓడిపోతాడు? అక్కడ ఆట పోలిక నిలవదు.

మరి బఫెట్ ఈ కొలతకి ఎలా నిలుస్తాడు? 2011 ఆగస్టులో ఒక పత్రికలో రాస్తూ తన అంకె తనే బయట పెట్టాడు. అంతకు ముందు ఏడాదికి కట్టిన ఫెడరల్ పన్ను 69,38,744 డాలర్లు, పన్ను పడే ఆదాయంలో 17.4 శాతం. ఆయన ఆఫీసులో మిగిలిన 20 మంది కట్టింది 33 నుంచి 41 శాతం. ఇది నాకు నచ్చుతుంది. తను ఏ తలుపులోంచి నడుస్తున్నాడో చూపించి ఆ తలుపే మూయమన్నాడు.

కానీ 2021లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఇంకో అంకె తెచ్చింది. 2014 నుంచి 2018 మధ్య ఆయన సంపద 2,430 కోట్ల డాలర్లు పెరిగితే కట్టిన పన్ను 2.37 కోట్లు. వెయ్యికి ఒకటి చొప్పున కూడా లేదు. కారణం రహస్యమేమీ కాదు. ఆయన కంపెనీ బర్క్‌షైర్ హాథవే ఆయన చేతికి వచ్చాక డివిడెండ్, అంటే లాభంలోంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు, ఇచ్చింది 1967లో ఒక్కసారి. షేర్లు అమ్మకపోతే లాభం కాగితం మీదే ఉంటుంది, దాని మీద పన్ను పడదు. పన్ను లేకపోయినా ఆయన డివిడెండ్ ఇచ్చేవాడు కాదేమో, డబ్బు లోపలే తిప్పడం ఆయన పద్ధతి. కాబట్టి సైకిల్ వైపే వేస్తాను, కాస్త సందేహంతో. ఎందుకంటే 2011లో ఆయన పెంచమన్నది ఆదాయం మీద పన్ను. ఆయన సంపదలో ఎక్కువ భాగం ఆదాయంగా ఎప్పుడూ కనిపించదు.

ఇక మూడో దారి, ఎక్కువ కట్టడం. మొదటి ప్రశ్న వేసినవాళ్లు కోరేది ఇదే. దీన్ని అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు. అమెరికా ఖజానా 1843 నుంచి కానుకలు తీసుకుంటోంది. మసాచుసెట్స్‌లో రిటర్న్ మీదే మామూలు రేటుకి బదులు, అంతకంటే ఎక్కువగా, 5.85 శాతం కట్టే వీలుంది, ఎంచుకునేవాళ్లు బహు కొద్దిమంది. నార్వేలో 2017లో, పన్నులు తగ్గించారని గోల పెడుతున్న వాళ్ల కోసం, ప్రభుత్వం స్వచ్ఛంద పన్ను ఖాతా ఒకటి తెరిచింది. మొదట్లో అందులో పడిందని వార్తల్లో వచ్చిన మొత్తం 1,325 డాలర్లు. చూశారా, నోరే గానీ చెయ్యి లేదు అని అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. 2010లో అమెరికా ప్రభుత్వ ఖర్చు దాదాపు 3.5 లక్షల కోట్ల డాలర్లు. బఫెట్ ఆ ఏడాది పన్ను అంతా కలిపితే ఆ ప్రభుత్వం నడిచేది ఒక్క నిమిషం. రెట్టింపు కట్టి ఉంటే రెండు నిమిషాలు. పన్ను పెంచమనేవాడు అడుగుతున్నది తనలాంటి వాళ్లందరి దగ్గరా ఒకే రూల్‌తో వసూలు చేయమని. ఒక్కడు ఇచ్చే చెక్కు దానికి చిన్న నమూనా కూడా కాదు, అది వేరే వస్తువు. పన్నులంటే నాగరిక సమాజానికి మనం చెల్లించే ధర అని 1927లో రాసిన జడ్జి ఆలివర్ వెండెల్ హోమ్స్ ఆ చెక్కూ ఇచ్చి చూపించాడు. 1935లో చనిపోతూ పంపకాలు పోగా మిగిలిన ఆస్తి, రెండున్నర లక్షల డాలర్లకు పైనే, ఏ షరతూ లేకుండా దేశానికి రాసేశాడు. ఆ డబ్బుతో ఏం చేయాలో దేశానికి తోచలేదు. ఇరవై ఏళ్లు ఊరికే పడి ఉంది. 1955లో గానీ దాన్ని సుప్రీంకోర్టు చరిత్ర రాయించడానికి వాడాలని చట్టం చేయలేదు. ఇచ్చినాయన గొప్పవాడే, అందులో సందేహం లేదు. ఇవ్వనివాడు మాట తప్పాడని మాత్రం నేననను.

నాలుగోది దానం. బఫెట్ ఎంచుకున్నది ఇదే. ప్రభుత్వ అప్పుని కాస్త తగ్గించడం కంటే దానం వల్లే సమాజానికి ఎక్కువ మేలని 2021లో ఆయన చెప్పాడు. ఇక్కడే నాకు ఆయనతో పేచీ. పన్నుల కోసం ఆయన దానం చేస్తున్నాడని కాదు. 2015లో ఇచ్చిన 285 కోట్ల డాలర్లకు పైగా దానంలో డిడక్షన్‌గా వాడుకున్నది సుమారు 35 లక్షలే. నా పేచీ ఆయన చెప్పిన కారణంతోనే. నా డబ్బు ప్రభుత్వం కంటే నేనే బాగా ఖర్చు పెడతానన్నది పన్నులు వద్దనేవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట. ఆస్ట్రియాలో మార్లీన్ ఎంగెల్‌హార్న్ కాస్త వేరేగా చేసింది. అక్కడ వారసత్వ పన్ను 2008లో పోయింది. తనకి వారసత్వంగా వచ్చిన దాంట్లో 2.5 కోట్ల యూరోలు పక్కన పెట్టి, దాన్నేం చేయాలో మామూలు పౌరులు 50 మందికి వదిలేసింది. 2024లో వాళ్లు 77 సంస్థలకు పంచారు. కనీసం నిర్ణయం తన చేతిలో ఉంచుకోలేదు.

దేశం మారిపోవడం గురించి కూడా కొందరు అడుగుతారు. పన్నులు పెంచమని చెప్పి పన్ను లేని చోటికి వెళ్లినవాడు పడవతో పాటు తనూ వెళ్లాడు, అంతే తేడా.

కాబట్టి నన్ను అడిగితే రెండో దారే: సైకిల్ ఖర్చు రాసుకో, ఆరు రోజుల కంపెనీలు పెట్టకు, అంకె బయట పెట్టు, అదనపు చెక్కు నీ ఇష్టం. కెర్రీ ఆ ఐదు లక్షలు మొదటి రోజే కట్టి ఉంటే ఆ పడవ గురించి ఎవరికీ తెలిసేది కాదు. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు ఇజబెల్ అన్న పేరు వెతకక్కర్లేకుండానే గుర్తొచ్చింది. 2004లో ఆయన పన్నుల గురించి ఏమన్నాడో మాత్రం వెతుక్కోవలసి వచ్చింది.