గేమింగ్ పీసీ పార్టులు కొనేవాళ్లకు హెచ్చరిక: బిల్లు మీద మోడల్ నంబర్ లేకుంటే డబ్బు కట్టొద్దు

అనంతపురంలో 50, 60 వేల బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కట్టుకుందామని పార్టులు వెతుకుతున్నవాళ్లు, ఏ షాపులోనైనా అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. మా తమ్ముడికి ఊళ్లోనే ఒక షాపులో జరిగింది రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు కంటే వాళ్లు చేసిన పద్ధతి తెలియడం ముఖ్యం. అది తెలిస్తే ఎక్కడ కొన్నా జాగ్రత్తపడొచ్చు.

తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్నది, నాన్న ఇచ్చింది కలిపి 55 వేలు. పాత మానిటర్ ఇంట్లోనే ఉంది. పార్టులు తెచ్చుకుని తన చేత్తో బిగించుకోవాలని వాడి ఆశ. నెలల తరబడి చూసి లిస్టు రాసుకున్నాడు: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే గుర్తింపు) ఉన్న 550 వాట్ల పవర్ సప్లై, 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే రకం) ఎస్ఎస్‌డీ. ఆ డబ్బుకు మంచి లిస్టే అది. షాపు ఓనర్ చూసి ‘అన్నీ బెంగళూరు నుంచి తెప్పిస్తాం’ అన్నాడు. 20 వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు.

తీరా డెలివరీ రోజు వెళ్తే బాక్సులన్నీ విప్పేసి ఉన్నాయి. టెస్టింగ్ కోసం మేమే బిగించేశాం అన్నారు. 6600 స్టాక్ లేదంట, ఆర్ఎక్స్ 580 వేశారంట. ‘అది కూడా 8 జీబీనే, అది కూడా ఏఎండీనే. ఏం గాదన్నా, నేనుండా కదా’ అన్నాడు. 5600 బదులు 5500. ర్యామ్ 16 జీబీనే గానీ ఒకే స్టిక్. సప్లై మీద ఎప్పుడూ వినని పేరు. ధర మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. వద్దు, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వండి అంటే ‘మీ కోసమే తెప్పించినాం, వెనక్కి రాదు’ అన్నారు. 20 వేలు పోతాయన్న టెన్షన్‌తో వాడు మిగతా డబ్బు కట్టి తెచ్చుకున్నాడు. బిల్లులో ఒకటే లైను: ‘అసెంబుల్డ్ సీపీయూ – 1’. కింద చిన్న అక్షరాలతో, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని.

ఆ ఒక్క లైను దగ్గరే మోసమంతా ఉంది. లోపల ఏ పార్టు పెట్టినా అది ‘అసెంబుల్డ్ సీపీయూ’నే అవుతుంది కదా. రేపు మీరు వెళ్లి నేను అడిగింది ఇది కాదు అంటే, ఏం అడిగారో చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

ఇంటికొచ్చాక గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే సిస్టమ్ టపీమని ఆగిపోయేది. నేను విప్పి చూశాను. ముందు కార్డు సంగతి. జీపీయూ-జెడ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కార్డు కొనేవాళ్లందరూ వాడాల్సింది. అందులో షేడర్ల (బొమ్మను గీసే చిన్న లెక్కల యూనిట్లు) సంఖ్య 2048 అని కనిపించింది. 2017లో ఏఎండీ తెచ్చిన అసలు ఆర్ఎక్స్ 580కి 2304 ఉండాలి. 2048 అంటే ఆర్ఎక్స్ 570 లెక్క. ఇది నకిలీ కార్డు కాదు. చైనా మార్కెట్ కోసం ‘2048ఎస్పీ’ పేరుతో వచ్చిన రకం. మన దగ్గర అమ్మేటప్పుడు ఆ చివరి ముక్క మింగేసి 580 అని మాత్రమే చెప్తున్నారు. పైగా ఫ్యాన్ రెక్కల వెనక మసి పట్టిన దుమ్ము, హీట్‌సింక్ స్క్రూల మీద గీతలు. పాత కార్డును తుడిచి కొత్త డబ్బాలో పెట్టారని చూడగానే తెలుస్తుంది.

ఇట్లాంటివి ఇన్ని ఎక్కడి నుంచి వస్తున్నాయంటే, 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించే) పద్ధతి మానేసింది. అంతవరకు రాత్రింబగళ్లు మైనింగ్‌లో నలిగిన కార్డులన్నీ సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చిపడ్డాయి. 570, 580 వాటిలో ముఖ్యమైనవి. వాడిన కార్డు అని చెప్పి, ఆ ధరకు అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. డబ్బు తక్కువున్న పిల్లలకు అదే దిక్కు కూడా. కొత్త కార్డు డబ్బు తీసుకుని పాతది చేతిలో పెట్టడమే నాకు కడుపు మండించింది. 6600 అయితే 2021లో వచ్చింది, 132 వాట్లతోనే నడుస్తుంది, 580 కంటే చాలా వేగం. 580 తరానికి ఏఎండీ ఇప్పుడు డ్రైవర్ అప్‌డేట్లు కూడా తగ్గించేసింది. ‘రెండూ 8 జీబీనే’ అనడం, రెండు బండ్లకూ ట్యాంకు ఒకే సైజు కాబట్టి రెండూ ఒకటే అన్నట్టు ఉంది.

సిస్టమ్ ఆగిపోవడానికి అసలు కారణం పవర్ సప్లై. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చెడిపోయేటప్పుడు మిగతా పార్టులను కూడా తీసుకుపోగలిగేది ముఖ్యంగా ఇదే. మా ఊళ్లోనే ఇంకో చిన్న షాపతను లేబుల్ ఎలా చదవాలో చూపించాడు. మా సప్లై మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. పక్కన ఉన్న పట్టికలో 12 వోల్ట్‌ల గడి చూస్తే 16 ఆంపియర్లు. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఈ 12 వోల్ట్‌ల లైను నుంచే. కార్డు ఒక్కటే 150 వాట్ల దాకా లాగుతుంది, ప్రాసెసర్ 65 వాట్ల రకం. ఇంకెక్కడ సరిపోతుంది? కార్డుకు వెళ్లే 8 పిన్ల కేబుల్ కూడా సప్లై నుంచి నేరుగా రాలేదు, పాత హార్డ్‌డిస్కులకు పెట్టే పిన్ నుంచి కన్వర్టర్ తగిలించారు. 8 పిన్ల కేబుల్ 150 వాట్లు మోయడానికి ఉన్నది. ఆ సన్న తీగ మీద అంత లోడ్ పడితే కాలిపోవచ్చు. సప్లై కొనేటప్పుడు డబ్బా మీది పెద్ద అంకె వదిలేసి, 12 వోల్ట్‌ల దగ్గర ఆంపియర్లు చూడండి. 550 వాట్లని చెప్పే మంచి సప్లైలో ఆ గుణకారం 500 దాటాలి. కార్డు కేబుల్ సప్లైలోంచే రావాలి. బడ్జెట్ చాలకపోతే లైట్ల క్యాబినెట్ మానుకోండి, ఎస్ఎస్‌డీ చిన్నది తీసుకోండి, ఇక్కడ మాత్రం తగ్గించొద్దు.

మా వాడికి జరిగింది ఇది. షాపుల్లో ఇంకా ఎక్కువగా తగిలేది ‘ఐ7 గేమింగ్ పీసీ’ ప్యాకేజీ. ఐ7, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్, రంగు లైట్లు, 25 వేలు అని బోర్డు పెడతారు. ఏ తరం ఐ7 అని అడగండి. చాలాసార్లు అది 2012 నాటి ఐ7 3770, లేదా 2013 నాటి ఐ7 4770. ఆఫీసుల్లో తీసేసిన పాత కంప్యూటర్లలోంచి వచ్చిన ప్రాసెసర్లు. వాటికి తగిలించే హెచ్61, హెచ్81 బోర్డులు కొత్త డబ్బాలోనే ఉంటాయి, అందుకే చూసేవాళ్లకు అన్నీ కొత్తవనిపిస్తుంది. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్‌కు నాలుగు కోర్లే ఉన్నా గేముల్లో ఈ పాత ఐ7లను దాటిపోతుంది. ఇంకో చిక్కు: విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి, విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పాత మెషీన్లో ఎలాగో తంటాలు పడి విండోస్ 11 ఎక్కించినా, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు లేకపోతే వాలరంట్ ఆట తెరుచుకోదు. పిల్లలు కొనేదే ఆ ఆట కోసం.

ఆ ప్యాకేజీల్లో ‘4 జీబీ గ్రాఫిక్స్’ అనేది ఇంకా పెద్ద మాయ. 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ లాంటి పాత కార్డు బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, జీటీఎక్స్ 1050 టీఐ అని పేరు కనిపించేలా చేస్తారు. విండోస్‌లో చూస్తే 1050 టీఐ అనే ఉంటుంది. జీపీయూ-జెడ్ కొత్త వెర్షన్లు మాత్రం ఇట్లాంటి కార్డు పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తాయి. అసలు 1050 టీఐకి 768 కోర్లు ఉంటాయి, 550 టీఐకి 192 మాత్రమే. సాఫ్ట్‌వేర్ లేకున్నా ఒక గుర్తు ఉంది: 1050 టీఐ తరం చిప్పులు నీలిరంగు వీజీఏ పోర్టుకు సిగ్నల్ ఇవ్వవు. 1050 టీఐ అని చెప్పిన కార్డుకు వీజీఏ పోర్టు కనిపిస్తే అనుమానించండి.

మిగతావి త్వరగా చెప్తాను. రైజెన్ 5500, 5600 రెండింటికీ ఆరు కోర్లే. కానీ 5500లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. గేముల్లో ఆ తేడా కనిపిస్తుంది, ధరలోనూ కనిపించాలి. డబ్బా, ఫ్యాన్ లేకుండా ‘ట్రే’ ప్రాసెసర్ ఇస్తే కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవాడే చూడాలి. ర్యామ్ రెండు స్టిక్కులే తీసుకోండి. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటైతే సెకనుకు 25.6 జీబీ డేటా పంపగలదు, జతగా పెడితే 51.2 జీబీ. మేం కొన్నాక, 2025 చివర్లో, ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇప్పుడు ర్యామ్ దగ్గర చేతివాటం ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఎం.2 అన్నదల్లా ఎన్‌వీఎంఈ కాదు, అదే ఆకారంలో సాటా రకం కూడా ఉంది, అది సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో కూడా తెలుస్తుంది. కొత్తదంటే ఆ అంకె ఒకటో రెండో ఉండాలి, వేలల్లో కాదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందే ప్రతి పార్టుకూ కంపెనీ పేరు, పూర్తి మోడల్, ధర రాయించండి. ‘గ్రాఫిక్స్ కార్డు 8 జీబీ’, ‘ఎస్ఎంపీఎస్ 500 వాట్’ (ఎస్ఎంపీఎస్ అంటే పవర్ సప్లైనే) అని రాస్తే ఒప్పుకోవద్దు. లిస్టు వాట్సాప్‌లో పంపి, ఏదైనా స్టాక్ లేకపోతే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తామని వాళ్ల చేత జవాబు పెట్టించుకోండి. సీలు మీ ఎదుటే విప్పాలి, విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. డబ్బా మీది సీరియల్ నంబరు, కార్డు మీది సీరియల్ నంబరు, బిల్లులోది మూడూ ఒకటే కావాలి. జీఎస్టీ బిల్లు వద్దంటే 18 శాతం తగ్గిస్తాం అంటారు. ఆ తగ్గింపు దక్కినా వారంటీ అడిగే ఆధారం పోతుంది. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది, మన రాష్ట్రంలో షాపుదైతే 37తో, బెంగళూరు షాపుదైతే 29తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే అది బతికున్న నంబరో కాదో తెలుస్తుంది. బెంగళూరులో కంప్యూటర్ పార్టులు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లి కొన్నా ఇవన్నీ వర్తిస్తాయి. అక్కడ ధర తగ్గొచ్చు, కానీ ఏదైనా పాడైతే మళ్లీ 200 కిలోమీటర్లు పోవాలని గుర్తుంచుకోండి.

మన ఊరి ఎండ సంగతీ చెప్పాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే గదిలో, ముందంతా గాజు మూసిన క్యాబినెట్ పెడితే మంచి కార్డు కూడా వేగం తగ్గించుకుంటుంది. ముందువైపు జాలీ ఉన్నది తీసుకోండి. కరెంటు పోతుందని ఇచ్చే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లకే. మానిటర్‌తో కలిపి లెక్క వేసుకునే కొనండి.

మా ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందంటే, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, లిస్టు ఫొటో, అడ్వాన్స్ కట్టిన యూపీఐ రసీదు, జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్ ఇచ్చాం. ఆ తర్వాత షాపు కార్డు, సప్లై వాపసు తీసుకుని వాటి డబ్బు ఇచ్చింది. ప్రాసెసర్ తేడా, ర్యామ్ సంగతి ఇంకా తేలలేదు. అవి కూడా వదిలేది లేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు, ఇ-జాగృతి వెబ్‌సైట్లో ఇంటి నుంచే వేయొచ్చు. 2019 చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాదు, మనం ఉండే చోట కూడా కేసు వేయొచ్చు కాబట్టి బెంగళూరులో మోసపోయినవాళ్లకూ ఇక్కడే దారి ఉంది. గడువు రెండేళ్లు. ఇట్లాంటి బిల్లు మీ దగ్గర ఉంటే పారేయకండి. ఈ రోజే కార్డు, సప్లై లేబుల్, సీరియల్ నంబర్ల ఫొటోలు తీసి పెట్టుకోండి.