హవాయి నానూ మొక్క: ఒక గాలన్ కుండీ కొనేముందు

నానూ హవాయి దీవుల సొంత గార్డీనియా, అంటే మన బిక్కి ప్రజాతికి చెందిన మొక్క. హోనలులులోని బిషప్ మ్యూజియం మొదటి డైరెక్టర్ విలియం టఫ్ట్స్ బ్రిగామ్ పేరు మీద దీనికి గార్డీనియా బ్రిగామీ అని శాస్త్రీయ నామం పెట్టారు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో అమెరికా ప్రభుత్వం దీన్ని 1985లో చేర్చింది. అడవిలో మిగిలిన చెట్లు చాలా కొద్ది, వాటిలోనూ ఎక్కువ భాగం లానాయి దీవి మెట్ట అడవిలోనే ఉన్నాయి. తోటల్లో మాత్రం ఇది చక్కగా పెరుగుతుంది, నర్సరీల్లో దొరుకుతుంది. ఒక గాలన్ కుండీలో అమ్మే మొక్కకి ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో కింద నేల సంగతి దగ్గర తెలుస్తుంది.

ముందు ట్యాగ్ చూడండి. జాబితాలో ఉన్న మొక్కని అమ్మాలంటే నర్సరీకి రాష్ట్ర లైసెన్స్ ఉండాలి, అమ్మే మొక్కకి ఆ లైసెన్స్ ట్యాగ్ కట్టి ఉండాలి. ట్యాగ్ లేకపోతే ఎంత బాగున్నా వదిలేయండి. ఇంటికి తెచ్చాక కూడా ట్యాగ్ పారేయకుండా దాచుకోండి. విత్తనం ఏ దీవి చెట్టుదో కూడా అడగండి. మంచి నర్సరీ అయితే వెంటనే చెబుతుంది. ఒక దీవి నుంచి మరో దీవికి మొక్క పంపాలంటే వ్యవసాయ శాఖ తనిఖీ తప్పదని గుర్తుంచుకోండి.

సైజుల్లో ఒక గాలన్ కుండీయే ఉత్తమం. నాలుగంగుళాల కుండీలో మొక్క చవకే కానీ ఒక్కరోజు నీళ్లు మరిచినా వాలిపోతుంది. మూడు గాలన్లది పూలతో ఊరిస్తుంది. అయితే ఆ కుండీలో ఎక్కువకాలం ఉండిపోయిన మొక్కకి వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. అలాంటిది నేలలో పెట్టాక ఏడాదైనా కదలదు. కుండీ కింద రంధ్రాల్లోంచి పెన్సిల్ మందం వేళ్లు బయటికొస్తే కొనకండి. పూవు ఉందా లేదా అన్నది ఎంపికకి ఆధారం కానే కాదు.

తరవాత కొమ్మలు. లేత చిగుళ్ల కొస జిగటగా ఉండటం రోగం కాదు, అది ఈ జాతి లక్షణం. మన బిక్కి మొక్కల చిగుళ్లకీ అలాంటి బంకే ఉంటుంది. వెతకాల్సింది గుండుసూది మొన అంత రంధ్రాలని. నల్ల కొమ్మతొలుచు పురుగు అనే చిన్న పెంకుపురుగు కొమ్మని తొలిచి లోపల బూజు పెంచుతుంది. పిల్లపురుగులకి ఆహారం ఆ బూజే. రంధ్రం పైభాగంలో ఆకులు ఉన్నట్టుండి వాడి నల్లబడతాయి. ఇలాంటి కొమ్మ ఒక్కటి కనిపించినా ఆ మొక్క వద్దు. ఆకుల అడుగున పొలుసు పురుగులు, పిండినల్లి ఉన్నాయేమో చూడండి. ఆకు మీద నల్లటి మసి ఉంటే ఆ రసం పీల్చే పురుగులు పైన ఎక్కడో ఉన్నట్టే, వాటిని చీమలు కాపాడుతున్నట్టే.

చీమలంటే మామూలు చీమల గురించే కాదు. కుండీ మట్టిలో చిట్టి నిప్పుచీమ వచ్చిందంటే తోటంతా పాడవుతుంది. పుల్లకి కొంచెం వేరుశనగ వెన్న రాసి, నీడలో కుండీ మట్టిపై గంటసేపు పెట్టండి. మిల్లీమీటరున్నర పొడవుండి, నారింజ రంగులో మెల్లగా నడిచే చీమలు చేరితే కుండీని వేరుగా పెట్టి వ్యవసాయ శాఖకి చెప్పండి. ఈ పరీక్ష చెయ్యకుండా ఏ కుండీనీ తోటలో దింపకూడదు.

ఇక నేల సంగతి, మార్కు తగ్గడానికి కారణం ఇదే. మొక్కతో ఇచ్చే కాగితంలో సాధారణంగా ఎండ, నీళ్ల గురించి రెండు మాటలుంటాయి, నేల పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత; ఏడు దాటితే క్షారం) గురించి ఏమీ ఉండదు. హవాయి తీరప్రాంతాల్లో చాలా పెరళ్లు పగడపు సున్నపు నేలలు. అక్కడ పీహెచ్ ఏడున్నర దాటితే, మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. కొత్త ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. చాలామంది నీళ్లు తక్కువయ్యాయని ఇంకా పోస్తారు, దాంతో వేరు కుళ్లుతుంది. ఇలాంటి నేలకి కొనాల్సింది ఈడీడీహెచ్ఏ (EDDHA) రకం ఇనుము. చవకగా దొరికే ఈడీటీఏ (EDTA) రకం క్షార నేలలో నిలవదు, ఖర్చు వృథా. పాకెట్ మీద రాసిన మోతాదులో, ఎండ తగ్గాక మొక్క మొదట్లో పోయాలి. కొద్దిగా గంధకం కలిపితే పీహెచ్ నెమ్మదిగా దిగుతుంది, కానీ నిండా పగడమే ఉన్నచోట దాన్ని నమ్ముకోలేం. అక్కడ పెద్ద కుండీయే మేలు: రెండు వంతుల లావా సిండర్ (బొరియలున్న లావా రాతి ముక్కలు) లేదా పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు), ఒక వంతు బాగా మాగిన కంపోస్టు.

నేలలో పెట్టేటప్పుడు గొయ్యి వేరుముద్దకి రెండింతల వెడల్పు, వేరుముద్ద ఎత్తంత లోతు ఉంటే చాలు. కాండం మొదలు చుట్టూ ఉన్న నేలకన్నా రెండు మూడు సెంటీమీటర్లు పైకి ఉండాలి. బంకమట్టి అయితే దిబ్బ వేసి దానిమీద నాటండి. మల్చ్ (నేలమీద పరిచే ఆకులు, చెక్కపొట్టు లాంటి కప్పు) ఐదారు సెంటీమీటర్ల మందం వేసి, కాండానికి పది సెంటీమీటర్ల దూరంలో ఆపండి. మొదటి రెండు మూడు నెలలు వారానికి రెండుసార్లు లోతుగా నీళ్లు, తరవాత వారానికొకసారి. పై మట్టి ఆరకుండా మళ్లీ పోయకండి. మెట్ట అడవి చెట్టు కాబట్టి ఎండ కావాలి, నీళ్లు నిలవకూడదు, సముద్రపు ఉప్పుతుంపర సోకకూడదు. నెమ్మదిగా విడుదలయ్యే ఎరువు సగం మోతాదులో ఆరునెలలకోసారి సరిపోతుంది. ఎక్కువేస్తే మెత్తటి చిగుళ్లొచ్చి రసం పీల్చే పురుగులు ముసురుతాయి.

కొమ్మతొలుచు పురుగు తోటకి వచ్చిందనిపిస్తే, రంధ్రానికి పది పదిహేను సెంటీమీటర్ల కిందికి, శుభ్రమైన చెక్క కనిపించేదాకా కత్తిరించండి. ఆ ముక్కలు నేలమీద వేస్తే పురుగు లోపల పెరిగి బయటికొస్తుంది; ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పారేయాలి. చెట్టంతా పాకే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు పనిచేయొచ్చు, కానీ తేనెటీగలకి విషం. హవాయి సొంత పసుపుముఖపు తేనెటీగల్లో ఏడు జాతులని 2016లో ప్రమాదపు జాబితాలో చేర్చారు. పూలు పూసే చెట్టుకి ఆ మందు వద్దు.

కాయ కాస్తే, లోపలి గుజ్జు పసుపు నారింజ రంగులో ఉంటుంది. పాత హవాయి వాళ్లు దాంతోనే కాపా బట్టకి (చెట్టు బెరడుని కొట్టి చేసే బట్ట) పసుపు అద్దేవారు. ఎలుకలకి ఆ కాయంటే ఇష్టం, పండకముందే వలసంచి కట్టండి. పండాక గుజ్జంతా కడిగేసి, ఒకరోజు నానబెట్టి, విత్తనం ఎండిపోకముందే పెర్లైట్ ఎక్కువున్న మిశ్రమంలో పైపైన చల్లి సన్నగా కప్పండి. గుజ్జు మిగిలితే బూజు పట్టి మొలక కుళ్లుతుంది. మొలిచినవి తోటలకే పరిమితం చెయ్యండి. అడవి చెట్ల దగ్గర నాటకూడదు, లైసెన్స్ లేకుండా అమ్మకూడదు.