వేడినీళ్ళ పార్ట్స్ వాషర్: 14 నెలలు వాడాక నా మాట

మాది ఒంగోలులో లారీల, టిప్పర్ల ఇంజన్, గేర్‌బాక్స్ పనులు చేసే షెడ్డు. వచ్చే బండ్లలో సగం చీమకుర్తి క్వారీలవే. గెలాక్సీ గ్రానైట్ రాతి పొడి గ్రీజులో కలిసి, ఇంజన్ వేడికి ఎండి గట్టిపడితే ఎలా ఉంటుందో గీకినవాళ్ళకే తెలుసు. ఇన్నాళ్ళూ అందరిలాగే మేమూ సగానికి కోసిన డ్రమ్ములో డీజిల్ పోసి బ్రష్‌తో రుద్దేవాళ్ళం. ఒక్క గేర్‌బాక్స్ సామాన్లకి ఒక కుర్రాడి పూట పోయేది, వారానికి 20 లీటర్ల డీజిల్ పోయేది, చేతులు పగిలి అన్నం కలుపుకోవాలన్నా మంటే. పైగా పక్కనే వెల్డింగ్ జరుగుతుంటే ఆ డ్రమ్మును చూసినప్పుడల్లా నాకు టెన్షన్.

అందుకని ఈ మెషీన్ తీసుకున్నాం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తిట్టేది కూడా ఉంది. పెద్ద ఇనప బీరువాలా ఉంటుంది, లోపల గుండ్రంగా తిరిగే బుట్ట, చుట్టూ నాజిళ్ళు, కింద 200 లీటర్ల ట్యాంకు, 9 కిలోవాట్ల హీటర్, 3 హెచ్‌పీ పంపు. సామాను బుట్టలో పెట్టి తలుపేసి టైమర్ తిప్పితే వేడి వేడి సబ్బునీళ్ళు నలువైపులా కొడతాయి. జీఎస్టీ కాక రెండు లక్షల ఎనభై వేలు.

మొదటి నాలుగు నెలలు దీన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అరగంట తిప్పినా హౌసింగ్ (గేర్‌బాక్స్ బయటి డొక్కు) మీద నల్లటి పొర అలాగే ఉండేది, తలుపు సందుల్లోంచి నురగ పొంగి షెడ్డంతా పారేది. పంపు చిన్నదిచ్చి మోసం చేశారు, 5 హెచ్‌పీ పెట్టించాలి అనుకున్నా. తప్పంతా మాదే అని తర్వాత తెలిసింది.

కరెంటు బిల్లుకి భయపడి నీళ్ళు 45 డిగ్రీలకి రాగానే మొదలుపెట్టేసేవాళ్ళం. స్ప్రే మెషీన్లకి ఇచ్చే కెమికల్ కొంత వేడి దాటితేగానీ నురగ అణగదు, మేం వాడేదానికి ఆ వేడి 60 పైనే. గ్రీజు మెత్తబడి వదలడం కూడా అక్కడినుంచే సరిగ్గా మొదలవుతుంది. 65కి పెట్టిన రోజున నురగ పోయింది, 30 నిమిషాల పని 18 నిమిషాలకి వచ్చింది. లెక్క కూడా వేశా: 200 లీటర్లని 30 నుంచి 65 డిగ్రీలకి తేవడానికి ఎనిమిది యూనిట్ల చిల్లర, ఈ హీటర్‌తో దాదాపు గంట. ఆ గంట మనుషులు ఊరికే కూర్చోకుండా మా ఎలక్ట్రీషియన్ చేత టైమర్ స్విచ్ పెట్టించాను, మేం షెడ్డు తెరిచేసరికి నీళ్ళు కాగి ఉంటాయి. ఇంత ఖరీదు మెషీన్‌కి ఆ స్విచ్ కంపెనీవాళ్ళే ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఇంకోటి, మడ్డి. వదిలిన నూనె ఎక్కడికి పోతుంది, ట్యాంకులోనే తేలుతుంది, పంపు మళ్ళీ దాన్నే లాగి సామాన్ల మీద కొడుతుంది. మురికి నీళ్ళతో అంట్లు తోమినట్టు. నూనె లాగే డిస్క్ స్కిమ్మర్ వేరే డబ్బులని మేం మొదట వద్దన్నాం, అదే బుద్ధి తక్కువ పని. ఇప్పుడు రోజూ పొద్దున పంపు వేయకముందే అరగంట స్కిమ్మర్ తిరుగుతుంది, రాత్రంతా నీళ్ళు కదలకుండా ఉంటాయి కాబట్టి నూనె చాలావరకు పైకి తేలి సులువుగా వచ్చేస్తుంది. ఇది పెట్టాక రెండు వారాలకే పారబోసే నీళ్ళు ఆరు వారాలు వస్తున్నాయి, అంటే కెమికల్ ఖర్చు కూడా అంత తగ్గినట్టే. తీసిన నూనెని కాలవలో పోయడం లేదు, పాత ఇంజన్ ఆయిల్‌తో కలిపి లైసెన్స్ ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే ఇస్తున్నాం. రాతిపొడి మాత్రం తేలదు, అడుగున బురదలా పేరుకుని నాజిళ్ళకి అడ్డం పడుతుంది, అందుకే బుట్టలో పెట్టేముందు పైపైన గీకడం తప్పదు. ఈ పదిహేను నిమిషాల పని మానేస్తే సాయంత్రం నాజిళ్ళు విప్పి సూదితో పొడుచుకోవాలి.

నీళ్ళ సంగతి మన జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. మా బోరు నీళ్ళకి ఏడో నెలలో హీటర్ రాడ్ల మీద సున్నం కట్టి సుద్దముక్కల్లా అయ్యాయి. ఇప్పుడు వాటర్ ప్లాంట్ నుంచి 20 లీటర్ల టిన్నులు పది తెప్పించి ట్యాంకు నింపుతున్నాం. మా కుర్రాడు ఒకటే నవ్వు, "అన్నా, మనకేమో బోరు నీళ్ళ టీ, దానికేమో మినరల్ వాటరా" అని.

ఇక కంపెనీ మీద నా కోపం. నీళ్ళు తగ్గితే హీటర్ ఆపాల్సిన ఫ్లోట్ స్విచ్ జిడ్డు పట్టి ఇరుక్కుపోయింది, నీళ్ళు ఆవిరై రాడ్లు బయటపడ్డాయి, హీటర్ కాలిపోయింది. ఫోన్ చేస్తే "రేపు సార్, ఎల్లుండి సార్" అంటూ 12 రోజులు తిప్పారు. ఆ 12 రోజులూ మళ్ళీ డీజిల్ డ్రమ్మే. ఇప్పుడు వారానికోసారి ఫ్లోట్ తుడుస్తున్నాం, ఒక హీటర్ ముందే కొని అటక మీద పెట్టుకున్నాం.

కెమికల్ విషయంలో ఒక చేదు అనుభవం. చవకగా వస్తుందని బయట ఒకచోట తెచ్చిన పౌడర్ వేశాం, ఇనప సామాను తళతళా వచ్చింది, అల్యూమినియం క్లచ్ హౌసింగ్ మాత్రం నల్లగా మాడినట్టు అయిపోయింది. అందులో కాస్టిక్ సోడా ఎక్కువ, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. కస్టమర్‌కి కొత్త హౌసింగ్ కొనిచ్చాను. కొనేముందు "అల్యూమినియానికి పనికొస్తుందా" అని అడిగి, సంచి మీద చదివి కొనండి. ఎంత కలపాలో కూడా గుప్పెళ్ళ లెక్కన వద్దు. నీళ్ళలో కెమికల్ ఎంత ఉందో చూసే చుక్కల కిట్టు దొరుకుతుంది, స్కూల్ ల్యాబులో చేసినట్టే, గులాబీ రంగు పోయేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టడమే.

ఈ మెషీన్ చేయలేని పనులూ ఉన్నాయి. ఇంజన్ బ్లాక్ లోపలి ఆయిల్ దారులు, ఒక చివర మూసుకున్న బోల్టు రంధ్రాలు దీనితో శుభ్రం కావు, పొడుగు బ్రష్ పెట్టాల్సిందే. ఇంజెక్టర్ సామాన్లు ఇందులో వేయకండి, వాటికి అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉన్న డీజిల్ పంపు రిపేరు షాపులే నయం. గేర్లని కుప్పగా పోస్తే ఒకదాని నీడ ఒకదాని మీద పడి సగం మురికిగానే వస్తాయి, విడివిడిగా పెడితే రెండు విడతలైనా మొత్తం టైమ్ తక్కువే. కడిగిన సామాను వేడిగా ఉండగానే తీసి గాలి కొట్టి నూనె రాయాలి. ఒంగోలుకి సముద్రం దగ్గర కదా, వానాకాలంలో ఒకసారి భోజనానికి వెళ్ళొచ్చేలోపు షాఫ్టులన్నీ పసుపు రాసిన గడపల్లా అయ్యాయి.

మెషీన్‌కి ఐదుకి నాలుగిస్తా, సర్వీసుకి ఒకటి. నెలకి రెండు మూడు గేర్‌బాక్సులు చేసేవాళ్ళకి ఇది దండగ, రోజుకొకటి విప్పేవాళ్ళు తీసుకోండి, తీసుకుంటే స్కిమ్మర్‌తోనే తీసుకోండి. కొనేముందు ఇలాంటిది వాడే షెడ్డు ఏదైనా ఉంటే వెళ్ళి చూడండి, వాళ్ళు నీళ్ళు మార్చే రోజునే వెళ్ళండి, ట్యాంకు అడుగు కనిపిస్తుంది.