కాకినాడ బేలో బోటు షికారు: పోటు చూసుకుని ఎక్కండి

2002లో ఎదుర్లంక–యానాం వంతెన వచ్చేదాకా మా నాన్న గౌతమి గోదారి మీద పంటు, అదే జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే పెద్ద పడవ, నడిపాడు. అలాంటి మనిషిని డబ్బులిచ్చి బోటు ఎక్కిద్దామని నాకు బుద్ధి పుట్టింది. ఫోన్‌లో చూపించిన ఫొటోలో తెల్లగా మెరుస్తున్న జంట పడవ, తెరచాప, కింద ‘కాటమరాన్ క్రూజ్’ అని పేరు. కాటమరాన్ అంటే ఏంటమ్మా అన్నాడు నాన్న. తమిళం వాళ్ల కట్టుమరం అనే మాటే నాన్నా, కట్టిన దుంగలని అర్థం, మన తెప్పే అన్నాను. "తెప్పకి 3 వేలా?" అని నవ్వాడు.

తీరా చొల్లంగి దాటి రేవుకి వెళ్తే అక్కడున్నది మామూలు ఫైబర్ మోటారు బోటు. పైన ఆకుపచ్చ నీడగుడ్డ, పక్కన పాటల పెట్టె. ఫొటో ఏదని అడిగితే "అది రిపేర్‌లో ఉందండి" అన్నారు. సరే, తెరచాప కోసం కాదుగా, సముద్రం కోసం వచ్చాం అనుకుని ఎక్కాం. ఎక్కినవాళ్లం తొమ్మిది మందిమి, లైఫ్ జాకెట్లు ఎనిమిది. అందులో రెండింటికి బకిల్ లేదు, తాడుతో ముడేశారు. నా మార్కుల్లో మొదటి కోత అక్కడే పడింది. తొమ్మిదోది తెచ్చేదాకా కదలనన్నాను, పావుగంటలో తెచ్చారు.

ఆ పావుగంటా నాన్న రేవు మెట్ల మీద కూర్చుని నీళ్లలో కొట్టుకుపోతున్న ఎండు మడ ఆకునే చూస్తున్నాడు. ఆకు సముద్రం వైపు పోతోంది. "పాటు మొదలైపోయింది, నీళ్లు దిగిపోతున్నాయి. ఇప్పుడు పోతే వచ్చేటప్పుడు ముక్కు బురదలో పడుద్ది" అన్నాడు. బుక్ చేసినప్పుడు ఫోన్‌లో ఆ మనిషి మాత్రం "ఎప్పుడైనా రావచ్చండి, నీళ్లు ఎప్పుడూ ఉంటాయండి" అన్నాడు.

వెళ్లేటప్పుడు దారి మాత్రం చెప్పనలవి కాదు. రెండు పక్కలా మడ అడవి. గట్టు మీద బురదలోంచి వేల కొద్దీ ఊపిరి వేర్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య ఒక గోరు మాత్రం ఒంటికి మించి పెరిగిన బుల్లి పీతలు, మమ్మల్ని రమ్మంటున్నట్టు ఆ గోరు ఊపుతున్నాయి. తిల్ల చెట్టు కొమ్మ బోటుకి తగలబోతే సరంగు గెడతో పక్కకి నెట్టాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. పాటల పెట్టె ఆపించడానికి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఆపాక లకుముకి పిట్ట నీళ్లలోకి దూకిన చప్పుడు కూడా వినబడింది.

పాయ దాటి బేలోకి రాగానే సరంగు ఇంజన్ కట్టేశాడు. మేం అడగలేదు, తనంతట తానే. ఈ షికారులో నేను డబ్బు పెట్టింది ఆ అరగంటకే అనుకోవచ్చు. సముద్రమే గానీ చెరువులా ఉంది. ఎదురుగా సన్నని ఇసుక గీతలా హోప్ ఐలాండ్, దాని మీద లైట్‌హౌస్. గోదారి తెచ్చిన మట్టీ ఇసకా పోగుపడి, గత 200 ఏళ్లలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున పెరిగిన దిబ్బ అది. బంగాళాఖాతం అలలని అదే ఆపుతుంది. కాకినాడ రేవు నెమ్మదిగా ఉండేదీ, మేం కాఫీ ఒలకకుండా తాగిందీ దాని పుణ్యమే. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసకలోనే. మేం దిబ్బ మీదికి దిగలేదు, దూరం నుంచే చూశాం. అమ్మ పులిహోర పొట్లాలు విప్పింది, సరంగుకీ గెడ కుర్రాడికీ కూడా పెట్టింది.

తిరుగు ప్రయాణంలో పాయ మొగ దగ్గర నాన్న చెప్పినట్టే అయింది. బోటు ముక్కు మెత్తగా బురదెక్కి ఆగిపోయింది. కుర్రాడు కంగారుగా ఇంజన్ రివర్స్‌లో తిప్పబోతే నాన్న "ఆపరా, బురద లాగేసుద్ది" అని అరిచాడు. అందర్నీ వెనక్కి పంపి, గెడ తను ఒక పక్క, సరంగు ఒక పక్క పట్టుకుని నెట్టారు. ముక్కు తేలి, బోటు జానెడు జానెడు వెనక్కి జరిగింది. మొత్తం 40 నిమిషాలు. నాన్న లుంగీ మోకాళ్లదాకా నల్ల బురద, మొహంలో మాత్రం పండగ. "మీది పాత చెయ్యి బాబాయ్ గారూ" అన్నాడు సరంగు. "ఆయ్" అన్నాడు నాన్న, అంతే.

కాబట్టి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది: ముందు పోటు వేళ కనుక్కోండి, రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, సప్తమి అష్టముల్లో అంత తేడా ఉండదు. పోటు నిండే వేళకి ఎక్కితే రావడానికీ నీళ్లుంటాయి. జాకెట్లు లెక్కపెట్టుకోండి. రేవులో బాత్రూమ్ లేదు, ఆడవాళ్లు కాకినాడలోనే పని చూసుకుని రండి. 3 వేలు మొత్తం బోటుకి, తొమ్మిది మంది పంచుకున్నాం కాబట్టి ఎక్కువనిపించలేదు.

నేను ఐదుకి మూడు ఇచ్చాను. నాన్నని అడిగితే సరంగుకి నాలుగు, ఫోన్ ఎత్తినవాడికి సున్నా అన్నాడు. ఆ రోజు లుంగీ ఇంకా ఉతకనివ్వట్లేదు.