క్రిస్మస్, సంక్రాంతి ఆర్ట్ కిట్లు కొనేవాళ్లు జాగ్రత్త: మూడేళ్ల పిల్లల డబ్బాలో ఏం వచ్చిందో చూడండి

నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలున్న అమ్మానాన్నలందరూ ఇది ఒక్కసారి చదవండి. డిసెంబరు వచ్చిందంటే స్కూల్ వాట్సాప్ గ్రూపులో ‘వింటర్ క్రాఫ్ట్’, ‘హాలిడే ప్రాజెక్ట్’ మెసేజ్‌లు మొదలవుతాయి. మంచు మనిషి, క్రిస్మస్ స్టార్, ఆ వెంటనే సంక్రాంతి గాలిపటం. అన్నీ ఒకే డబ్బాలో వస్తాయి కదా అని చాలామందిమి ఆన్‌లైన్‌లో కిట్ ఆర్డర్ పెట్టేస్తాం. మా పాపకు నేను తెప్పించిందీ అలాంటిదే. ధర 499 రూపాయలు, ‘మూడేళ్లు దాటిన పిల్లలకు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది.

ఫొటోలో కనిపించినవి రంగు షీట్లు, దూది, కాగితపు నక్షత్రాలు. వచ్చిన డబ్బాలో అవి పేరుకే ఉన్నాయి. మిగతాదంతా ‘మంచు తయారీ’ పొడి, రంగు పూసల ప్యాకెట్, చిన్న ఎల్‌ఈడీ కొవ్వొత్తులు. ఏ ప్యాకెట్ మీదా ఒక్క హెచ్చరిక లేదు.

ముందు ఆ పూసల సంగతి చెప్పాలి. అవి వాటర్ బీడ్స్. పొడిగా ఉన్నప్పుడు అచ్చం రంగు వేసిన సగ్గుబియ్యంలా ఉంటాయి, ఏ పిల్లయినా నోట్లో వేసుకోవాలనుకుంటుంది. మా అత్తయ్యగారికి అనుమానం వచ్చి రాత్రి గ్లాసు నీళ్లలో కొన్ని వేసి అటక మీద పెట్టారు. తెల్లారేసరికి ఒక్కోటి గోలీ అంత అయింది, వేళ్లతో పట్టుకుంటే జారిపోతోంది. పిల్లలు మింగితే కడుపులోనూ ఇలాగే ఉబ్బుతాయి. పేగుకు అడ్డం పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చిన కేసులు, ప్రాణాలు పోయిన కేసులు కూడా ఉన్నాయి. పైగా ఇవి మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు. వాంతులు, కడుపునొప్పి అని తీసుకెళ్తే, బీడ్స్ సంగతి మనం చెబితే తప్ప డాక్టరుకు తెలిసే దారి లేదు. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా ప్రమాదమే. అమెరికాలో ఇలాంటి ఘటనల తర్వాతే అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ సంస్థలు పిల్లల కోసమంటూ అమ్మే వాటర్ బీడ్స్‌ను ఇక అమ్మబోమని 2023 డిసెంబరులో ప్రకటించాయి. అలాంటి వస్తువు ఇక్కడ మూడేళ్ల పిల్లల డబ్బాలో వస్తోంది!

మంచు పొడి కూడా నీళ్లు తగిలితే ఉబ్బేదే. ఇలాంటి పొడుల్లో సాధారణంగా వాడేది డైపర్లలో తడిని పీల్చే రకం పదార్థమే. గాలికి లేస్తుంది, కళ్లలో పడుతుంది, నోట్లోకి పోతుంది.

నాకు అన్నిటికంటే భయం వేసింది కొవ్వొత్తుల దగ్గర. వాటి అడుగున బటన్ బ్యాటరీ (చిన్న నాణెంలా గుండ్రంగా ఉండేది) ఉంది. మూతకు స్క్రూ లేదు, గోటితో గీకితే ఊడొచ్చేస్తోంది. పాప చేతిలోంచి ఒకటి జారి కింద పడగానే మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు దొర్లిపోయాయి. మంచం కిందకు వెళ్లినదాన్ని చీపురుతో లాగి తీశాం. బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోపే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. లైటు వెలగడం లేదని పక్కన పడేసిన బ్యాటరీలో కూడా అంత పని చేసే శక్తి మిగిలి ఉండొచ్చు. పిల్లలు మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ‘బటన్ బ్యాటరీ’ అనే మాటే ముందు చెప్పండి.

ఇక మోసం సంగతి. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆట వస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కరెంటుతోనో బ్యాటరీతోనో పనిచేయని వాటికి ఐఎస్ 9873, పనిచేసే వాటికి ఐఎస్ 15644 ప్రమాణాలు. నేను చూసిన పేజీలో ఐఎస్‌ఐ గుర్తు ఉంది, చేతికొచ్చిన డబ్బా మీద లేదు. పేజీలోని లైసెన్స్ నంబరును, ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ యాప్ ‘బీఐఎస్ కేర్’లో కొడితే అది వేరే ఎవరిదో, వేరే వస్తువుదో. తయారీదారు చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. నాలుగున్నర స్టార్ల రివ్యూలు కిందకంటా చదివితే సగం ఫోన్ కవర్ల గురించి! పాత వస్తువు పేజీలో కొత్త వస్తువు పెట్టి ఆ స్టార్లను వాడుకుంటున్నారన్నమాట. దయచేసి స్టార్లు చూసి ఆగిపోకండి, రివ్యూల్లో జనం పెట్టిన ఫొటోలు చూడండి.

రిటర్న్ అడిగితే ‘సీల్ తీసిన క్రాఫ్ట్ ఐటమ్ వాపసు లేదు’ అన్నారు అమ్మకందారు. ఒప్పుకోకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మన ఫిర్యాదు అందినట్టు ఆ సైటు గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అది రాసి పంపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు పెట్టాక నా డబ్బు వెనక్కి వచ్చింది. డబ్బా, ప్యాకెట్లు, బిల్లు అన్నీ ఫొటోలు తీసి ఉంచుకోండి, అవే అడుగుతారు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ కిట్ ఇంకా అమ్మకంలోనే ఉంది. నా బాధంతా అదే.

ప్రాజెక్టు మాత్రం ఆగలేదు. పాత పెళ్లి కార్డుల మెరుపు కాగితంతో స్టార్, నీలం చార్టు మీద దూదితో మంచు మనిషి, ట్రేసింగ్ పేపరుకు కొబ్బరి ఈనెలు అంటించి గాలిపటం. కత్తెర పని నేను చేశాను, అంటించడం పాప చేసింది. టీచరుకు నచ్చింది.

మీ ఇంట్లో ఇలాంటి కిట్ ఇప్పటికే ఉంటే ఈరోజే వాటర్ బీడ్స్ ప్యాకెట్ తీసేయండి. సింకులో, టాయిలెట్‌లో పోయకండి, పైపుల్లో ఉబ్బి అడ్డం పడతాయి. కవర్లో గట్టిగా మూట కట్టి, పిల్లలకు అందకుండా పెట్టి చెత్తబండికి ఇవ్వండి. ఆడిన చోట సోఫా సందులు, చాప కింద, మంచం కింద వెతకండి, ఒక్క గింజ కూడా ఉండిపోకూడదు. బటన్ బ్యాటరీలకు రెండు వైపులా టేపు చుట్టి, విడిగా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.